ర్యామ్ పెంచాక సర్వర్ పడిపోతోందా? కారణాన్ని ఇలా పట్టుకోండి

శనివారం రాత్రి ఆఫీసు ఖాళీ అయ్యాక సర్వర్ ఆపి, మూత తీసి, కొత్త ర్యామ్ పెట్టారు. ఆన్ చేయగానే లేచింది, పెరిగిన మెమరీ స్క్రీన్ మీద కనిపించింది, హమ్మయ్య అనుకుని ఇంటికెళ్లారు. ఆదివారం ఏ గొడవా లేదు. సోమవారం పదకొండింటికి, అందరూ పనిలో మునిగి ఉండగా, దానంతటదే రీబూట్ అయింది. పన్నెండున్నరకు మళ్లీ. ఇక ఫోన్లు ఆగవు, టెన్షన్ మొదలవుతుంది, ఎవరికి తోచిన సలహా వాళ్లు ఇస్తారు.

అప్పుడు అందరి నోటా వచ్చే మాట ఒకటే: కొత్త ర్యామ్ పాడైంది, వెనక్కిచ్చేయండి. చిన్న ఆఫీసుల సర్వర్లు చూడడమే నా పని. నా చేతి మీదుగా వెళ్లిన ఇలాంటి కేసుల్లో భాగం నిజంగా పాడైనవి తక్కువే. చాలాసార్లు కొత్తదీ మంచిదే, పాతదీ మంచిదే, రెండింటికీ పొసగదు. లేదా మూత తీసి మళ్లీ బిగించే లోపు ఇంకేదో కదిలి ఉంటుంది. ఊహ మీద భాగాలు మార్చుకుంటూ పోతే డబ్బు పోతుంది, వారం పోతుంది, ఒక్కోసారి డేటా కూడా పోతుంది. అందుకే కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి. ఎక్కువగా ర్యామ్ గురించే చెబుతున్నా, ప్రాసెసర్, డిస్కు, కార్డు మార్చినప్పుడు కూడా దారి ఇదే.

1. ముందు డేటాను కాపాడండి

సర్వర్ మళ్లీ లేచిందని వెంటనే అందరినీ లాగిన్ కానివ్వకండి. మెమరీలో ఒక బిట్ తారుమారై సర్వర్ పడిపోతే కనీసం మనకు తెలుస్తుంది. పడిపోకుండా ఆ తప్పుడు అంకెను డిస్కు మీద రాసేస్తే ఎవరికీ తెలియదు. రెయిడ్ (ఒకే డేటాను రెండు డిస్కుల మీద ఉంచే ఏర్పాటు) ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. మెమరీ నుంచి తప్పుడు అంకె వస్తే రెయిడ్ దాన్నే రెండు డిస్కుల మీదా రాస్తుంది.

డేటాబేస్ సర్వీసును ఆపేయండి. అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన చివరి బ్యాకప్‌ను వెతికి, బయటి డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును ఊడదీసి పక్కన పెట్టండి. ట్యాలీ వాడే ఆఫీసైతే డేటా ఫోల్డర్ మొత్తానికీ ఇలాగే చేయండి. చాలా ఆఫీసుల్లో బ్యాకప్ ఏడు రోజులకోసారి తిరగరాసుకుంటుంది. మీరు కారణం వెతుకుతూ వారం గడిపితే, మంచి బ్యాకప్పులన్నీ చెరిగిపోయి, అనుమానమున్న మెమరీ గుండా వచ్చినవే మిగులుతాయి. కాబట్టి పాతవాటిని చెరిపే ఏర్పాటును కూడా ఇప్పుడే ఆపండి.

ఇంకొక మాట, దీన్ని మాత్రం మరిచిపోవద్దు. మెమరీ మీద అనుమానం తీరేదాకా ఏ రిపేరూ నడపకండి. డిస్కులోని ఫైళ్లను సరిచేసే ఎఫ్ఎస్‌చెక్, చెక్‌డిస్క్, డేటాబేస్ రిపేర్, ట్యాలీ డేటా రిపేర్, ఏదైనా సరే. పాడైన మెమరీతో రిపేర్ చేయిస్తే బాగున్న ఫైళ్లను కూడా పాడు చేస్తుంది.

2. ఎలా పడిపోయిందో చూడండి

'సర్వర్ పడిపోయింది' అనే మాటలో నాలుగైదు వేర్వేరు జబ్బులు దాగి ఉంటాయి. ఒక నోట్‌బుక్ తీసుకుని ప్రతిసారీ టైము, అప్పుడు నడుస్తున్న పని, స్క్రీన్ మీద కనిపించింది రాయండి. స్క్రీన్‌ను ఫోన్‌లో ఫొటో తీయండి.

కరెంటు తీసేసినట్టు ఠక్కున ఆరిపోతే పవర్ సప్లై, యూపీఎస్, వేడి మీద అనుమానం పెట్టుకోండి. తెర ఉన్నది ఉన్నట్టే బిగుసుకుపోతే మెమరీ, డిస్కు, కొత్త కార్డు. విండోస్ ఆగిపోతూ చూపే నీలి తెర గానీ లినక్స్ ఆగిపోతూ చూపే కెర్నల్ పానిక్ గానీ వస్తే కారణం కొంత అక్కడే రాసి ఉంటుంది, చదవడానికి అది నిలబడాలి. విండోస్‌లో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగుల్లోకి వెళ్లి ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేయండి. లినక్స్‌లో కెర్నల్ డాట్ పానిక్ విలువను 0 చేస్తే పానిక్ తర్వాత రీబూట్ కాకుండా తెర అలాగే ఉంటుంది.

అసలు పడిపోని సర్వర్‌ను కూడా పడిపోయిందనుకుంటాం. దూరం నుంచి పింగ్‌కు (బతికుందా అని నెట్‌వర్క్‌లో పంపే పలకరింపు) జవాబు రాదు, మనిషిని పంపి బటన్ నొక్కించి రీబూట్ చేయిస్తాం. కాసేపు ఆగి దాని ముందు కూర్చోండి. కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కితే లైటు వెలిగి ఆరుతోందంటే యంత్రం బతికే ఉంది, పోయింది నెట్‌వర్క్ మాత్రమే. లినక్స్‌లో నెట్‌వర్క్ పోర్టు పేరు అది ఉన్న పీసీఐ చోటును (బోర్డు మీద కార్డు తగిలే స్థానం) బట్టి వస్తుంది. కొత్త కార్డు పెట్టగానే ఆ లెక్క జరిగి, నిన్నటి ఈఎన్‌పీ3ఎస్0 ఇవాళ ఈఎన్‌పీ4ఎస్0 అవుతుంది. ఐపీ అడ్రస్ పాత పేరుకే రాసి ఉంటుంది కాబట్టి కొత్త పోర్టుకు అడ్రస్ లేదు. సెట్టింగ్ ఫైల్లో పేరు మారిస్తే చాలు, ఐదు నిమిషాల పని.

3. లాగ్‌లు చదవండి

సర్వర్ బోర్డు మీద ఆపరేటింగ్ సిస్టమ్‌తో సంబంధం లేకుండా నడిచే చిన్న కంట్రోలర్ ఉంటుంది. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐలో అంటారు, మిగతావాటిలో ఐపీఎంఐ అని పిలవడం అలవాటు. విండోస్ చచ్చినా, లినక్స్ చచ్చినా ఇది మేలుకునే ఉండి చూసింది రాసుకుంటుంది. దాని సిస్టమ్ ఈవెంట్ లాగ్ తెరవండి. ఏ స్లాట్‌లో మెమరీ తప్పు వచ్చిందో, ఏ ఫ్యాన్ ఆగిందో, ఏ పవర్ సప్లై పడిపోయిందో అందులో పేరుతో సహా ఉంటుంది. ముందు దాన్ని ఫైలుగా దించుకోండి, ఆ తర్వాతే ఖాళీ చేయండి. ఈ లాగ్‌లో చోటు తక్కువ, నిండిపోతే కొన్ని యంత్రాల్లో కొత్త ఎంట్రీలు పడవు.

చూసేటప్పుడు టైము తేడా గమనించండి. కంట్రోలర్ గడియారం చాలాసార్లు గ్రీనిచ్ టైములో ఉంటుంది. పదకొండింటికి పడిన సర్వర్‌కు లాగ్‌లో ఐదున్నర అని కనిపిస్తే అది వేరే సంఘటన అనుకుని దాటేస్తారు. ఐదున్నర గంటలు కలిపి చదవండి.

లినక్స్‌లో జర్నల్‌సీటీఎల్‌కు 'మైనస్ బి మైనస్ 1' ఇస్తే పడిపోయే ముందటి బూట్ లాగ్ వస్తుంది. 'ఇప్పటి బూట్ ఒక్కటే ఉంది' అంటే లాగ్‌లు డిస్కు మీద నిలవట్లేదని అర్థం. వార్ లాగ్ కింద జర్నల్ అనే ఫోల్డర్ సృష్టించి, జర్నల్ సర్వీసును రీస్టార్ట్ చేస్తే ఇకమీదట నిలుస్తాయి. చివరి వరుసల్లో 'మెషిన్ చెక్', 'హార్డ్‌వేర్ ఎర్రర్', 'ఈడాక్' (మెమరీ తప్పులను లెక్కపెట్టే లినక్స్ భాగం) అనే మాటలు వెతకండి. ఏమీ లేకుండా మామూలు వరుస మధ్యలోనే లాగ్ తెగిపోయి ఉంటే అది కూడా ఆధారమే. రాసుకునే టైము కూడా దొరకలేదంటే కరెంటు వైపో, నేరుగా రీసెట్ వైపో చూడాలి.

విండోస్ సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరవగానే ఎర్రగా కనిపించేది కెర్నల్ పవర్ 41. దాన్ని చూసి పవర్ సప్లై మార్చేసిన వాళ్లను చూశాను. 41 అంటే 'గతసారి సరిగా షట్‌డౌన్ కాలేదు' అని మాత్రమే, ఎందుకో అది చెప్పదు. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ 0 ఉంటే నీలి తెర నమోదు కాలేదు, కరెంటు పోయిందో బిగుసుకుపోయిందో చూడాలి. 0 కాకపోతే పక్కనే ఉన్న 1001 ఈవెంట్‌లో స్టాప్ కోడ్ దొరుకుతుంది. 0ఎక్స్124 అయితే హార్డ్‌వేరే తప్పు నమోదు చేసింది. అప్పుడు వియా లాగర్ (WHEA-Logger) పేరుతో ఉన్న ఈవెంట్లు కూడా చదవండి.

4. పాత స్థితికి తీసుకెళ్లండి

లాగ్‌లో స్పష్టంగా ఒక పేరు దొరకకపోతే కొత్త భాగాలన్నీ తీసేసి శుక్రవారం ఎలా ఉందో అలా చేయండి. పవర్ కేబుల్ ఊడదీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోనిచ్చి, చేతికి యాంటీ స్టాటిక్ బ్యాండ్ కట్టుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి. ఏసీ గదిలో పొడి గాలి, ఒంటి మీద పాలిస్టర్ చొక్కా ఉంటే స్టాటిక్ ఇంకా ఎక్కువ. అది చిప్‌ను వెంటనే చంపకపోవచ్చు, సగం గాయం చేసి వదిలేస్తుంది. నెల తర్వాత ఎప్పుడో పడిపోయే సర్వర్‌కు అదే కారణం కావచ్చు.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. ర్యామ్ పెంచిన రోజునే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ బఫర్ పూల్‌ను (అది తన డేటా కోసం ర్యామ్‌లో తీసుకునే చోటు) కూడా 24 జీబీ నుంచి 48 జీబీకి పెంచి ఉంటారు, లేదా వర్చువల్ మెషిన్లకు (ఒకే సర్వర్‌లో విడివిడిగా నడిచే సిస్టమ్‌లు) మెమరీ ఎక్కువ కేటాయించి ఉంటారు. ర్యామ్ తీసి సెట్టింగ్ అలాగే వదిలేస్తే 32 జీబీ యంత్రం 48 జీబీ అడుగుతుంది. లినక్స్ అయితే మెమరీ చాలక డేటాబేస్‌నే చంపేస్తుంది. 'పాత ర్యామ్‌తోనూ పడిపోతోంది, బోర్డు పోయింది' అని తీర్పిచ్చేస్తారు. లాగ్‌లో 'అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్' అని ఉంటే ఇదే. భాగాలతో పాటు సెట్టింగులనూ వెనక్కి తిప్పండి.

కొత్త ర్యామ్ లోపల ఉండగానే ఆ వరుస కనిపించినా సంగతి ఇలాంటిదే. వచ్చిన మెమరీ కన్నా ఎక్కువ పంచేశారు. డేటాబేస్ ఒక్కదాని కోసమే ఉన్న సర్వర్‌లో కూడా బఫర్ పూల్‌ను మొత్తం మెమరీలో 80 శాతం దాటనివ్వకండి. వేరే పనులు కూడా ఉంటే ఇంకా తగ్గించండి.

పాత స్థితిలో ఎంతసేపు చూడాలి? గంటన్నరకోసారి పడిపోతున్న సర్వర్‌ను అదే లోడ్‌తో కనీసం ఐదు గంటలు నడపండి. రోజుకోసారి పడేదాన్ని మూడు రోజులు చూడాలి. నిలబడిందంటే తప్పు కొత్త భాగంలోనో, దాని పొత్తులోనో ఉంది. పాత స్థితిలోనూ పడిపోతే మూత తీసినప్పుడు కదిలినవాటిని చూడాలి: సగం ఊడిన కేబుల్, ఫ్యాన్‌లోకి దూరిన వైరు, సరిగా కూర్చోని కార్డు.

5. ర్యామ్‌ను పరీక్షించండి

ర్యామ్ స్టిక్ మీది స్టిక్కర్ చదవడం నేర్చుకోండి, సగం జవాబులు అక్కడే ఉంటాయి. ఉదాహరణకు '16జీబీ 2ఆర్ఎక్స్8 పీసీ4-2400టీ-ఆర్' అని ఉందనుకోండి. 2ఆర్ అంటే రెండు ర్యాంకులు (ఒకేసారి కలిసి పనిచేసే చిప్‌ల గుంపులు), ఎక్స్8 అంటే ఒక్కో చిప్ వెడల్పు, పీసీ4 అంటే డీడీఆర్4, 2400 వేగం. చివరి అక్షరం అన్నిటికన్నా ముఖ్యం. ఆర్ ఉంటే రిజిస్టర్డ్ (సిగ్నల్‌ను మధ్యలో అందుకుని పంపే చిప్ ఉన్నది), ఎల్ ఉంటే లోడ్ రెడ్యూస్డ్, ఈ ఉంటే ఈసీసీ (తప్పు బిట్లను దిద్దే ఏర్పాటు) ఉన్న అన్‌బఫర్డ్ (ఆ మధ్య చిప్ లేనిది), యూ ఉంటే మామూలు డెస్క్‌టాప్ రకం. డీడీఆర్4లో ఇవన్నీ ఒకే 288 పిన్నుల స్లాట్‌లో దిగుతాయి. దిగినంత మాత్రాన కలవవు. రిజిస్టర్డ్, అన్‌బఫర్డ్ కలిపితే చాలావరకు సర్వర్ అసలు లేవదు, కాబట్టి ఆ తప్పు వెంటనే బయటపడుతుంది.

రెండు రోజులు నడిచి పడిపోయేవాటికి కారణాలు ఇంకా సన్నగా ఉంటాయి. పాత స్టిక్ ఒక ర్యాంకు, కొత్తది రెండు ర్యాంకులు. పాతది 2400, కొత్తది 2666. సిద్ధాంతం ప్రకారం అన్నీ తక్కువ వేగానికి దిగి నడవాలి, చాలాసార్లు నడుస్తాయి కూడా. కానీ ఒకే ఛానెల్ (ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య దారి) మీద రెండు స్టిక్కులు ఎక్కాక సిగ్నల్‌కు ఉన్న వెసులుబాటు తగ్గిపోతుంది. డెస్క్‌టాప్ బోర్డునే సర్వర్‌గా వాడే ఆఫీసుల్లో ఇది ఎక్కువ. రైజెన్ 7000 వరుసనే తీసుకోండి. రెండు డీడీఆర్5 స్టిక్కులతో 5200 వేగానికి ఏఎండీ హామీ ఇస్తుంది, నాలుగు పెడితే 3600కే. స్టిక్కర్ మీద 6000 అని ఉన్నా అంతే. బయోస్‌లో ఉండే ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో సెట్టింగులు ఓవర్‌క్లాకింగ్, అంటే హామీ ఉన్న వేగం కన్నా ఎక్కువతో నడపడం. ఆటల కంప్యూటర్‌లో పెట్టుకోండి, పదిమంది జీతాల లెక్కలు నడిచే యంత్రంలో మాత్రం ఆపేయండి. బయోస్‌లో అది ఆపి, వేగాన్ని ఆటోలో పెట్టడంతోనే కుదురుకున్న సర్వర్లు నేను చాలా చూశాను.

స్లాట్ల వరుసకు సర్వర్ మూత లోపలి వైపు అంటించిన బొమ్మ చూడండి. ఖాళీగా ఉన్న స్లాట్‌లో పెట్టేయడం కాదు, ఏ ఛానెల్‌లో ఏది ముందు నిండాలో అందులో ఉంటుంది. రెండు ప్రాసెసర్ల బోర్డులో సగం స్లాట్లు రెండో ప్రాసెసర్‌వి. అది లేకపోతే ఆ స్లాట్లలో పెట్టిన ర్యామ్ కనిపించదు.

ఇక స్టిక్ బంగారు పళ్లు తుడవడం. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర అందరికీ అలవాటు. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడుతుంది, పదేపదే రుద్దితే పూత అరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన, నూగు రాలని గుడ్డతో ఒక్కసారి తుడిచి ఆరనివ్వండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో పాత సర్వర్ అయితే ఖాళీ స్లాట్లను కూడా గాలి డబ్బాతో ఊదండి. ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి దుమ్ము, ఉప్పు గాలి పట్టిన స్లాట్‌లోనే మీరు కొత్త స్టిక్ పెట్టారు. దింపేటప్పుడు రెండు చివర్ల క్లిప్పులూ టక్‌మని పడాలి. ఒకటి పడి ఒకటి పడకపోయినా స్క్రీన్ మీద మెమరీ పూర్తిగా కనిపించవచ్చు, వేడెక్కి వ్యాకోచించినప్పుడు కనెక్షన్ తప్పుతుంది.

తర్వాత మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను పెన్‌డ్రైవ్ మీద వేసి రాత్రంతా నడపండి. ఒక్క పాస్ చాలదు, నాలుగైనా పూర్తి కావాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఫెయిలే, 'ఒకటే కదా' అని సర్దుకోవద్దు. అయితే ఈసీసీ ఉన్న సర్వర్‌లో ఒక మెలిక ఉంది. ఒక్క బిట్ తప్పును ఈసీసీ అక్కడికక్కడే దిద్దేస్తుంది, పరీక్షకు ఆ తప్పు కనబడకపోవచ్చు. తెర మీద ఎర్రర్లు సున్నా, లోపల వందల దిద్దుబాట్లు. కాబట్టి పరీక్ష అయ్యాక కంట్రోలర్ లాగ్ మళ్లీ చూడండి. లినక్స్ నడుస్తుండగా అయితే ఈడాక్ లెక్కల్లో సీఈ కౌంట్ దిద్దిన తప్పులు, యూఈ కౌంట్ దిద్దలేకపోయినవి. 2009లో గూగుల్ సర్వర్ల మీద ప్రచురితమైన అధ్యయనంలో ఏడాదిలో 8 శాతానికి పైగా స్టిక్కులలో దిద్దగలిగిన తప్పు కనీసం ఒకటి కనిపించింది. కాబట్టి ఎప్పుడో ఒకటి వస్తే గాభరా పడకండి. ఒకే స్లాట్‌లో లెక్క గంటగంటకూ పెరుగుతుంటే మాత్రం అది రేపటి క్రాష్.

తప్పు చూపిన స్టిక్‌ను వేరే స్లాట్‌కు మార్చి మళ్లీ నడపండి. తప్పు స్టిక్ వెంట వెళితే స్టిక్ పోయింది. పాత స్లాట్ దగ్గరే ఉండిపోతే స్లాట్‌నో, ప్రాసెసర్ కింది పిన్నులనో చూడాలి. ఒకసారి ఒక్కటే మార్చండి. రెండు మారిస్తే జవాబు ఏదో తెలియదు.

6. వేడిని కొలవండి

విజయవాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్. మే నెల. 32 జీబీని 64 చేశారు, నాలుగు స్లాట్లూ నిండాయి. రోజూ పదకొండుకీ రెండుకీ మధ్య, రక్త పరీక్షల రిపోర్టులు ఒక్కసారిగా ప్రింటయ్యే వేళకే పడిపోయేది. బయట బెంచీల మీద పరగడుపున వచ్చి కూర్చున్న పెద్దవాళ్లు, లోపల రీబూట్ అవుతున్న సర్వర్. రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టాను, ఆరు పాసులు, ఒక్క తప్పు లేదు. స్టిక్కులు మార్చి పెట్టాను, అదే ఫలితం. పొద్దున మళ్లీ పడింది.

మూడో రోజు కంట్రోలర్ పేజీ తెరిచి ఉష్ణోగ్రతల దగ్గర కూర్చున్నాను. పది గంటలకు ర్యామ్ 70 డిగ్రీలు, పదకొండుంబావుకు 88. అప్పుడే గది తుడుస్తున్నావిడ బీరువా మీద నుంచి ఒక నల్లటి ప్లాస్టిక్ తొడుగు తీసి, "బాబూ, ఇది మీ మిషన్‌దేనా? శనివారం నుంచీ ఇక్కడే పడుంది" అంది. ఫ్యాన్ గాలిని నేరుగా ప్రాసెసర్, ర్యామ్ మీదికి నడిపించే తొడుగు అది. స్లాట్లకు అడ్డంగా ఉందని తీసినవాళ్లు తిరిగి పెట్టలేదు. ఫ్యాన్లు గట్టిగానే తిరుగుతున్నాయి, గాలి మాత్రం పక్క నుంచి వెళ్లిపోతోంది. తొడుగు బిగించిన గంటలో ర్యామ్ 54కు దిగింది. ఆ వేసవంతా ఇక పడలేదు.

రాత్రి పరీక్ష ఎందుకు పాసయిందో అప్పుడు అర్థమైంది. నేను మూత తెరిచి, ఏసీ వేసి, వేరే ఏ పనీ లేనప్పుడు నడిపాను. మెమరీ కణాల్లోని ఛార్జ్ వేడికి త్వరగా కారిపోతుంది. మామూలుగా 64 మిల్లీసెకన్లకోసారి దాన్ని మళ్లీ నింపుతారు, 85 డిగ్రీలు దాటితే 32కోసారి నింపాలి. ఆ హద్దు దగ్గర బలహీనంగా ఉన్న కణం ముందు తప్పుతుంది. అందుకే ఏ పరీక్షైనా మూత వేసి, ఆఫీసు నడిచే వేళ ఉండే వేడిలోనే చేయండి. ప్రాసెసర్ మార్చినవాళ్లు హీట్‌సింక్ కింద పేస్ట్ కొత్తగా పెట్టారా, ప్లాస్టిక్ పొర ఒలిచారా, స్క్రూలను ఎదురెదురు మూలలుగా కొద్దికొద్దిగా బిగించారా అన్నవి కూడా చూసుకోండి.

7. కరెంటు లెక్క వేయండి

ర్యామ్ పెద్దగా కరెంటు తాగదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు తాగుతాయి. జియాన్ ఈ5-2620 వీ4 85 వాట్లది, దాని చోట 2690 వీ4 పెడితే 135. అలాంటివి రెండంటే వంద వాట్లు పెరిగినట్టే. పెద్ద డిస్కు ఒక్కోటి తిరగడం మొదలెట్టే క్షణంలో 20 వాట్లకు పైగా లాగుతుంది, అందుకే డిస్కులు చేర్చాక ఆన్ చేసేటప్పుడే పడిపోతే పవర్ సప్లైని చూడండి. రెండు పవర్ సప్లైలున్న సర్వర్‌లో మొత్తం లోడ్ ఒక్కదాని మీద నిలవాలి. నిలవకపోతే ఒకటి పోయిన రోజు రెండోది కూడా కూలుతుంది.

యూపీఎస్‌ను మర్చిపోతాం. 1 కేవీఏ అని రాసున్న చిన్న యూపీఎస్ చాలావాటిలో నిజంగా ఇచ్చేది 600 వాట్ల దగ్గరే. మూడేళ్ల బ్యాటరీ పాత లోడ్‌ను మోసింది, కొత్తదాన్ని మోయలేదు. కరెంటు రెప్పపాటు పోయి వచ్చినప్పుడల్లా సర్వర్ రీబూట్ అవుతుంటే అనుమానం అక్కర్లేదు. డేటాబేస్ ఆపి, యూపీఎస్ ప్లగ్గును గోడ నుంచి లాగి చూడండి.

పవర్ సప్లైని మార్చినవాళ్లకు ఒక హెచ్చరిక. పాత సప్లైతో వచ్చిన విడి కేబుళ్లను కొత్తదానికి తగిలించకండి. కనెక్టర్ దిగుతుంది, కానీ కంపెనీని బట్టి లోపలి వరుస వేరు. 5 వోల్టుల చోట 12 వెళ్లి డిస్కులన్నీ ఒక్క దెబ్బకు పోతాయి.

8. ప్రాసెసర్, డిస్కు, కార్డు మార్చి ఉంటే

కొత్త ప్రాసెసర్ పెట్టేముందే, పాతది లోపల ఉండగానే, బయోస్ అప్‌డేట్ చేసి ఉండాలి. చేయకపోతే పాతది తిరిగి పెట్టి చేయండి. రెండు ప్రాసెసర్ల బోర్డులో రెండూ ఒకే మోడల్, ఒకే స్టెప్పింగ్ (తయారీలో వచ్చిన సవరణ నంబరు) కావాలి. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లతో సర్వర్ కట్టుకున్నవాళ్లు ఇంకొకటి చూడాలి. వాటిలో ఎక్కువ వోల్టేజీ వల్ల అస్థిరత వస్తోందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది, ఆ ఏడాది ఆగస్టు నుంచి బయోస్ అప్‌డేట్ల ద్వారా సవరణలు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. అప్‌డేట్ ముందుజాగ్రత్తగా పనికొస్తుంది, ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగు చేయదు. అలాంటి చిప్ ఉంటే ర్యామ్‌ను తప్పుపట్టే ముందు వారంటీ అడగండి.

డిస్కు చేర్చాక లినక్స్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతే, ఏ డిస్కు ఎక్కడ తగలాలో రాసుండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఎస్‌డీబీ లాంటి పేర్లు ఉన్నాయేమో చూడండి. డిస్కుల పేర్లు మారిపోయి ఉంటాయి, వాటి బదులు మారని గుర్తయిన యూయూఐడీ రాయండి. డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ లెక్కల్లో 199వ నంబరు, అంటే సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా పంపడంలో దొర్లిన తప్పులు), పెరుగుతుంటే డిస్కు కన్నా ముందు కేబుల్ మార్చండి.

9. తిరిగి అప్పగించే ముందు

కారణం దొరికిందనుకున్నాక కొత్త భాగాలన్నీ పెట్టి, మూత బిగించి, సర్వర్‌ను దాని చోట్లోనే ఉంచి, యంత్రం మీద భారం పెట్టే స్ట్రెస్ ఎన్‌జీ ప్రోగ్రామ్‌తో మెమరీలో 80 శాతం దాకా నింపి, వెరిఫై ఆప్షన్‌తో 24 గంటలు నడపండి. మధ్యాహ్నపు వేడి ఆ 24 గంటల్లో తప్పక ఉండాలి. అయ్యాక ఈడాక్ లెక్క, కంట్రోలర్ లాగ్, గరిష్ఠ ఉష్ణోగ్రత మూడూ నోట్‌బుక్‌లో రాయండి. అప్పుడే డేటాబేస్ సరిచూడండి. తప్పులుంటే రిపేర్‌కు దిగకుండా మొదట పక్కన పెట్టిన బ్యాకప్ నుంచి తెచ్చుకుని, శనివారం తర్వాతి ఎంట్రీలను కాగితాల్లోంచి మళ్లీ ఎక్కించండి. విసుగు పని, కానీ లెక్క నమ్మదగినదిగా ఉంటుంది. అంతా సరిపోయాక బ్యాకప్‌లను చెరిపే ఏర్పాటును తిరిగి మొదలుపెట్టండి. బయటి డిస్కులోని కాపీని మాత్రం ఇంకో నెల అలాగే ఉంచండి.

స్టిక్ నిజంగానే పోయిందని తేలితే, షాపుకు వెళ్లేటప్పుడు బిల్లుతో పాటు మెమ్‌టెస్ట్ తెర ఫొటో, దించుకున్న లాగ్ ఫైలు, స్లాట్ మార్చి చూసిన వివరం తీసుకెళ్లండి. 'ఇక్కడ పెడితే బాగానే నడుస్తోంది కదండీ' అనే మాటకు మీ దగ్గర కాగితం మీద జవాబుంటుంది. మార్చి ఇచ్చే స్టిక్ కూడా అదే పార్ట్ నంబర్‌ది అడగండి, వేరేది ఇస్తే ఐదో మెట్టు నుంచి మళ్లీ పరీక్షించాలి.